కాలిఫోర్నియా రియల్ ఎస్టేట్ లైసెన్సు: ఏం మారితే ఎవరికి, ఎప్పట్లోగా చెప్పాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బే ఏరియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పక్కనే రియల్ ఎస్టేట్ లైసెన్సు పెట్టుకున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. పరీక్ష రాసేటప్పుడు ఉన్న శ్రద్ధ లైసెన్సు చేతికొచ్చాక ఉండదు. ఇల్లు మారతాం, కంపెనీ మారతాం, పెళ్ళయ్యాక పేరు మారుతుంది, బ్రోకరు మారతాడు. రాష్ట్ర రియల్ ఎస్టేట్ శాఖ రికార్డులో మాత్రం నాలుగేళ్ళ నాటి మనిషే ఉంటాడు. వాట్సాప్‌లో పదేపదే వచ్చే ప్రశ్నలకు ఒకచోట జవాబులు రాసి పెట్టాలనిపించింది. నేను లైసెన్సు ఉన్నవాణ్ణే గానీ లాయర్ని కాదు. కోర్టు, వీసా వ్యవహారాల్లో మీ లాయరు మాటే వినండి.

అసలు ఎవరికి చెప్పాలి?

డిపార్ట్‌మెంట్ ఆఫ్ రియల్ ఎస్టేట్‌కి. అందరూ డీఆర్‌ఈ అంటారు. కొన్నేళ్ళు ఇది వినియోగదారుల వ్యవహారాల శాఖ కింద బ్యూరోగా ఉండి, 2018 జులై 1 నుంచి మళ్ళీ విడిగా శాఖ అయింది. పాత కాగితాల మీద వేరే పేరు కనిపిస్తే కంగారు పడకండి, ఆఫీసు అదే. మీ ఎంఎల్ఎస్‌కో (ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్ళ వివరాలు పంచుకునే వ్యవస్థ), రియల్టర్ల సంఘానికో చెప్పినంత మాత్రాన డీఆర్‌ఈకి చెప్పినట్టు కాదు. అవి ప్రైవేటు సంస్థలు.

ఏ మార్పుకి ఎన్ని రోజుల గడువు?

మెయిలింగ్ అడ్రస్, ఫోన్ నంబరు, ఈమెయిల్ మారితే 30 రోజులు. సేల్స్‌పర్సన్ (బ్రోకరు కింద పనిచేసే లైసెన్సుదారు) కొత్త బ్రోకరు దగ్గర చేరితే ఆ సంగతి బ్రోకరు ఐదు రోజుల్లో తెలియజేయాలి. వెళ్ళిపోతే వెంటనే. బ్రోకరు తన ఆఫీసు చోటు మారిస్తే మర్నాటి పనిదినం దాటకూడదు. నేరం రుజువైనా, ఫెలొనీ (తీవ్రమైన నేరం) అభియోగం నమోదైనా, ఇంకో లైసెన్సు మీద చర్య తీసుకున్నా 30 రోజులు.

అన్నిటికీ 30 రోజులే అనుకోవడం దగ్గరే మనవాళ్ళు దెబ్బతింటారు. ముఖ్యంగా సొంతంగా బ్రోకరేజి పెట్టుకున్నవాళ్ళు.

ఇల్లు మారాను. డీఎంవీకి (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే శాఖకి) చెప్పాను, ఇమిగ్రేషన్ వాళ్ళకి కూడా ఆన్‌లైన్‌లో చెప్పాను. డీఆర్‌ఈకి దానంతటదే వెళ్ళదా?

వెళ్ళదు. డీఎంవీకి పది రోజులు, సిటిజన్ కానివాళ్ళు యూఎస్‌సీఐఎస్‌కి (ఇమిగ్రేషన్ శాఖకి) చెప్పడానికి పది రోజులు, డీఆర్‌ఈకి 30 రోజులు. మూడూ వేర్వేరు గుమ్మాలు, ఒకరి మాట ఇంకొకరికి వినిపించదు. డీఆర్‌ఈ వెబ్‌సైటులో ఈలైసెన్సింగ్ అనే విభాగం ఉంది. అక్కడ ఖాతా తెరుచుకుంటే అడ్రస్ మార్చడం ఐదు నిమిషాల పని, రుసుము లేదు. మూడూ ఒకే సాయంత్రం కూర్చుని పూర్తి చేస్తే మళ్ళీ గుర్తుపెట్టుకునే టెన్షన్ ఉండదు.

నా ఇంటి అడ్రస్ అందరికీ కనిపిస్తుందా?

కనిపిస్తుంది. డీఆర్‌ఈ వెబ్‌సైటులో మీ పేరు వెతికితే లైసెన్సు నంబరుతో పాటు మెయిలింగ్ అడ్రస్ కూడా వస్తుంది. చాలామంది ఆడవాళ్ళు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుని కంగారు పడతారు. ఓపెన్ హౌస్‌కి (అమ్మకానికున్న ఇంటిని అందరికీ తెరిచి చూపించడం) వచ్చిన అపరిచితుడెవరైనా ఆ రాత్రే మీ ఇంటి నంబరు చూసుకోవచ్చు మరి. మెయిలింగ్ అడ్రస్‌గా పోస్టాఫీసు బాక్సు ఇవ్వొచ్చు. మీ బ్రోకరు ఒప్పుకుంటే ఆఫీసు అడ్రసూ ఇవ్వొచ్చు. కాకపోతే ఆఫీసు అడ్రస్ ఇచ్చినవాళ్ళు బ్రోకరు మారిన రోజు దాన్ని కూడా మార్చాలి. లేదంటే డీఆర్‌ఈ పంపిన ఉత్తరాలు పాత బ్రోకరు బల్ల మీద పేరుకుపోతాయి. బ్రోకరు వ్యాపార స్థలానికి మాత్రం పోస్టాఫీసు బాక్సు చెల్లదు.

ఈమెయిల్ మార్పు అంత ముఖ్యమా?

నా అనుభవమే చెబుతాను. లైసెన్సు తీసుకున్నప్పుడు అప్పటి కంపెనీ ఈమెయిల్ ఇచ్చాను. ఒక మంగళవారం పొద్దున లేఆఫ్ కబురు వచ్చింది, మధ్యాహ్నానికి ఆ మెయిల్‌బాక్సు పోయింది. ఆ హడావుడిలో లైసెన్సు సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆరోగ్య బీమా, వీసా గడువు, రెజ్యూమె, ఇవే లోకం. రెన్యువల్ దగ్గర పడుతోందని ఎక్కడి నుంచీ కబురు రాలేదు. అనుకోకుండా ఒక స్నేహితురాలు నా పేరు వెతికి, నీ లైసెన్సు వచ్చే వారం అయిపోతోంది తెలుసా అని అడిగితేనే తెలిసింది. రెన్యువల్‌కి కావాల్సిన 45 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ కోర్సులు ఆ వారంలో ఎలా పూర్తి చేశానో నాకే తెలియదు.

అందుకని సొంత ఈమెయిల్ ఇవ్వండి. ఆఫీసుది వద్దు, బ్రోకరేజి ఇచ్చినదీ వద్దు. రెండూ మీ చేతిలో ఉండేవి కావు.

బ్రోకరు మారుతున్నాను. ఎవరు ఏం చేయాలి?

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

సేల్స్‌పర్సన్ లైసెన్సు దానంతటది పని చేయదు. బాధ్యత వహించే బ్రోకరు ఒకరి కింద ఉన్నప్పుడే మీరు ఇల్లు చూపించగలరు, ఆఫర్ రాయగలరు, కమిషన్ తీసుకోగలరు. చట్టం ప్రకారం, మీరు చేరినా వెళ్ళినా డీఆర్‌ఈకి చెప్పాల్సిన బాధ్యత బ్రోకరుది. ఆచరణలో మాత్రం కదిలించాల్సింది మీరే. ఈలైసెన్సింగ్‌లో మీరు కొత్త బ్రోకరు లైసెన్సు నంబరు వేసి మార్పు మొదలుపెడతారు, బ్రోకరు తన ఖాతాలోంచి దాన్ని ధ్రువీకరించాలి. కాగితం మీద చేస్తే ఆర్‌ఈ 214 అనే ఫారం, ఇద్దరి సంతకాలూ కావాలి. దీనికీ రుసుము లేదు.

చిక్కంతా మధ్యలో ఉంటుంది. పాత బ్రోకరు మిమ్మల్ని తీసేశాడు, కొత్త బ్రోకరు ఇంకా ధ్రువీకరించలేదు. ఆ రోజుల్లో రికార్డులో మీ పేరు పక్కన ‘లైసెన్స్‌డ్ ఎన్‌బీఏ’ అని ఉంటుంది, అంటే లైసెన్సు ఉంది గానీ బ్రోకరు లేడని. అలా ఉన్నన్నాళ్ళు లైసెన్సు అవసరమైన పనేదీ చేయకూడదు. శనివారం ఓపెన్ హౌస్ ఉంది, కొత్త బ్రోకరు ఊళ్ళో లేడు, సోమవారం చేస్తానన్నాడు అంటే, ఆ శనివారం మీరు ఇంట్లో కూర్చోవాలి. బ్రోకరు నోటిమాటగా ‘నువ్వు మా మనిషివే’ అన్నాడని వెళ్తే, కొనేవాళ్ళ తరఫు లాయరు రేపు చూసేది ఆ రోజు రికార్డులో ఏముందన్నదే.

కాబట్టి ముందు కొత్త బ్రోకరుతో కూర్చుని, మార్పు పెట్టే రోజు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే పాత బ్రోకరుకి చెప్పండి. ఇల్లు ఖాళీ చేసేముందు కొత్త ఇంటి తాళం చేతికి తీసుకోమూ? ఇదీ అంతే.

ఇంకో సంగతి, విజిటింగ్ కార్డులు. 2018 నుంచి ప్రకటనలు, కార్డులు, లెటర్‌హెడ్‌లు, క్లయింటు మొదట చూసే వేటి మీదైనా మీ లైసెన్సు నంబరూ, బాధ్యత వహించే బ్రోకరు ఎవరో కూడా ఉండాలి. బ్రోకరు మారాడంటే పాత కార్డుల డబ్బా చెత్తబుట్టకే. తెలుగు సంఘం ఉగాది సంచికలో ముందే ఇచ్చిన ప్రకటన ఉంటే దాన్నీ గుర్తుపెట్టుకుని మార్పించండి. ఇది మాత్రం ప్రతి ఏడూ ఎవరో ఒకరు మరిచిపోతారు.

మధ్యలో ఉన్న డీల్స్ ఏమవుతాయి?

లిస్టింగూ (ఇల్లు అమ్మేవాళ్ళతో ఒప్పందం), కొనేవాళ్ళతో ఒప్పందమూ చట్టం దృష్టిలో బ్రోకరువి, మీవి కావు. మీరు వెళ్ళినా అవి ఆయన దగ్గరే ఉంటాయి, ఆయన వదిలిపెడితేనే మీ వెంట వస్తాయి. ఆయన కింద ఉన్నప్పుడు చేసిన పనికి కమిషన్ ఎంత, ఎప్పుడు అన్నది మీ ఇద్దరి మధ్య రాసుకున్న ఒప్పందం చెబుతుంది. చేరేటప్పుడు సంతకం పెట్టిన ఆ కాగితాన్ని వెళ్ళేటప్పుడు మొదటిసారి చదివేవాళ్ళే ఎక్కువ.

మా బ్రోకరు లైసెన్సు గడువు దాటిపోయింది. నాకేం సంబంధం?

చాలా ఉంది. ఆయన లైసెన్సు ఆగితే ఆయన కింద ఉన్న సేల్స్‌పర్సన్లంతా బ్రోకరు లేనివాళ్ళయిపోతారు. బ్రోకరు చనిపోయినా అంతే. మీ తప్పేమీ లేదు, కానీ పని ఆపాలి. నెలకోసారి మీ పేరుతో పాటు మీ బ్రోకరు పేరు కూడా వెతికి చూసుకోవడం తప్పేం కాదు.

పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది. లైసెన్సు మీద మార్చాలా?

చట్టబద్ధమైన పేరు మారితే డీఆర్‌ఈకి చెప్పాలి. సేల్స్‌పర్సన్ అయితే ఆర్‌ఈ 214, బ్రోకరు అయితే ఆర్‌ఈ 204, దాంతో పాటు పేరు మారినట్టు చూపే పత్రం.

ఇక్కడ కాలిఫోర్నియా చట్టంలో ఒక మంచి వెసులుబాటు ఉంది. ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళు వ్యాపారానికి పాత ఇంటిపేరునే వాడుకోవచ్చు, రెండు పేర్లూ డీఆర్‌ఈ దగ్గర నమోదై ఉండాలి, అంతే. పదేళ్ళుగా పుట్టింటి పేరుతో క్లయింట్లను సంపాదించుకున్నవాళ్ళు ఆ పేరును పారేసుకోనక్కర్లేదు. మళ్ళీ పెళ్ళయినా, విడాకులు తీసుకున్నా ఇదే దారి.

మనవాళ్ళకు అసలు తలనొప్పి వేరే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, గివెన్ నేమ్‌లో ఇంటిపేరుతో సహా నాలుగు పేర్లు. దాంతో వీసాలో మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. డ్రైవింగ్ లైసెన్సులో ఒకలా, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకోలా. లక్ష్మీ ప్రసన్న అనే మనిషి ఒక కార్డులో లక్ష్మి, ఇంకో కార్డులో ప్రసన్న అయిపోతుంది. ఇలాంటప్పుడు డీఆర్‌ఈతో మొదలుపెట్టకండి. ముందు పాస్‌పోర్టు, తర్వాత సోషల్ సెక్యూరిటీ, తర్వాత డీఎంవీ, చివర డీఆర్‌ఈ. పైన సరిచేయకుండా కింద మారిస్తే ఒక్క లైసెన్సు మాత్రం మిగతా కాగితాలతో కలవకుండా విడిగా నిలబడుతుంది.

అందరూ నన్ను ‘శ్రీ’ అంటారు. కార్డు మీద అదే వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. అసలు పేరు బదులు ముద్దుపేరు వాడుకునే వీలు చట్టమే ఇచ్చింది. లైసెన్సు మీదున్న ఇంటిపేరూ, లైసెన్సు నంబరూ పక్కన ఉండాలి. ఉట్టి ‘శ్రీ’ అని మాత్రం కుదరదు.

ముగ్గురం కలిసి టీమ్‌గా పని చేస్తున్నాం. టీమ్ పేరు నమోదు చేయాలా?

పేరు ఎలా పెట్టారన్నదాన్ని బట్టి. లైసెన్సు ఉన్న ఇద్దరో అంతకంటే ఎక్కువమందో ఉండి, వాళ్ళలో ఒకరి ఇంటిపేరుకి టీమ్, గ్రూప్, అసోసియేట్స్ లాంటి మాట తగిలిస్తే అది టీమ్ పేరు, విడిగా నమోదు అక్కర్లేదు. ‘రావు గ్రూప్’ అలాంటిది. ‘అమరావతి హోమ్స్’ అని పెట్టారా, అది వ్యాపార నామం అవుతుంది. ముందు కౌంటీలో నమోదు, తర్వాత బ్రోకరు ద్వారా డీఆర్‌ఈకి దరఖాస్తు. ఆ పేరుతో లైసెన్సు వచ్చేదాకా బోర్డు కట్టకూడదు. టీమ్ పేరులో బ్రోకరేజి అనిపించే మాటలూ ఉండకూడదు.

నేనే బ్రోకరుని. ఏ మార్పుల మీద కన్నేసి ఉంచాలి?

ఆఫీసు చోటు, బ్రాంచి ఆఫీసులు, వ్యాపార నామాలు, మీ కింద చేరేవాళ్ళు, వెళ్ళేవాళ్ళు. బ్రోకరు లైసెన్సు ఉండి కూడా మీ కింద అసోసియేట్‌గా పనిచేసేవాళ్ళ గురించి కూడా 2018 నుంచి చెప్పాలి, ఆ ఫారం ఆర్‌ఈ 215. కార్పొరేషన్‌కి మార్పుల ఫారం వేరు, ఆర్‌ఈ 204ఏ. కార్పొరేషన్ పెట్టుకున్నవాళ్ళు రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర దాని రిజిస్ట్రేషను సక్రమంగా ఉండేలా చూసుకోవాలి. ఫ్రాంచైజ్ టాక్స్ (రాష్ట్రానికి కట్టే పన్ను) కట్టక కార్పొరేషన్ సస్పెండైతే, లైసెన్సు గోడకి వేలాడుతున్నా వ్యాపారం చేయకూడదు.

హోమ్ లోన్లకు ఎంఎల్‌ఓ ఎండార్స్‌మెంట్ (లోన్లు ఇప్పించే అదనపు అనుమతి) కూడా ఉందా? అయితే ఎన్ఎంఎల్ఎస్‌లో (లోన్ లైసెన్సుల జాతీయ రిజిస్ట్రీలో) కూడా విడిగా మార్చాలి. ఒకచోట మారిస్తే రెండోచోట మారదు.

డీయూఐ కేసు (మత్తులో బండి నడిపిన కేసు) అయింది. లైసెన్సు పోతుందా? చెప్పకపోతే ఏమవుతుంది?

ఈ ప్రశ్న ఎవరూ గ్రూపులో అడగరు. రాత్రి పదకొండుకి విడిగా మెసేజ్ వస్తుంది, ‘మా ఫ్రెండుకి’ అని మొదలవుతుంది.

అరెస్టు అయిన రోజు చెప్పాల్సింది లేదు, అది ఫెలొనీ అభియోగంగా కోర్టుకు చేరితే తప్ప. మొదటిసారి డీయూఐ, ఎవరికీ దెబ్బలు తగలకపోతే, సాధారణంగా మిస్‌డిమీనర్, అంటే ఫెలొనీ కంటే చిన్న నేరం. దానికి గడియారం మొదలయ్యేది దోషిగా తేలిన రోజు నుంచి. నేరం ఒప్పుకున్నా, నో కంటెస్ట్ (ఒప్పుకోను గానీ ఎదురు వాదించను) అన్నా తేలినట్టే లెక్క. నో కంటెస్ట్ అంటే ఒప్పుకోలేదు కదా అని వాదించేవాళ్ళున్నారు. చట్టం దాని పేరు పెట్టి మరీ చెప్పింది, అదీ కలుస్తుందని. లాయరు బేరమాడి ‘వెట్ రెక్‌లెస్’కి (మద్యంతో ముడిపడిన నిర్లక్ష్యపు డ్రైవింగ్) తగ్గించినా అది కూడా మిస్‌డిమీనరే. 30 రోజుల్లో ఆర్‌ఈ 238 ఫారంలో రాసి పంపాలి. మామూలు స్పీడింగ్ టికెట్లు, పార్కింగ్ టికెట్లు ఈ లెక్కలోకి రావు.

చెప్పకపోతే? లైసెన్సుకి దరఖాస్తు చేసినప్పుడు వేలిముద్రలు ఇచ్చారు గుర్తుందా? అవి రాష్ట్ర న్యాయశాఖ దగ్గర ఉన్నాయి. తర్వాత ఎప్పుడు అరెస్టయినా అక్కడి నుంచి డీఆర్‌ఈకి కబురు వెళ్తుంది. అంటే వాళ్ళకు తెలియడం ఖాయం, మీరు చెప్పారా లేదా అన్నదే మిగిలింది. నేరం ఒకటైతే, దాన్ని చెప్పకపోవడం చర్య తీసుకోవడానికి విడిగా ఇంకో కారణం.

లైసెన్సు పోతుందా అంటే, ఆ నేరానికీ ఈ వృత్తి అర్హతలకూ సంబంధం ఉందా అని చూస్తారు. మద్యం కేసుల్లో, రెండో అంతకంటే ఎక్కువో ఉండి, వాటిలో ఒకటైనా డ్రైవింగ్‌ది అయితే సంబంధం ఉన్నట్టే అని నిబంధనల్లోనే ఉంది. ఒక్క డీయూఐ కంటే షాపులో దొంగతనం కేసుకి ఎక్కువ భయపడాలి. చిన్న వస్తువే కావచ్చు, కానీ అది నిజాయితీకి సంబంధించిన నేరం, జనాల డబ్బు చేతుల మీదుగా పోయే పనిలో దాన్ని తేలిగ్గా తీసుకోరు. క్రిమినల్ కేసు చూసే లాయరుకి మీకు డీఆర్‌ఈ లైసెన్సు ఉందని మొదటి రోజే చెప్పండి. నేరం ఏ పేరుతో ఒప్పుకుంటున్నారన్నది తర్వాత చాలా తేడా తెస్తుంది.

టెక్సాస్‌లో కూడా లైసెన్సు ఉంది. అక్కడ చర్య తీసుకుంటే ఇక్కడ చెప్పాలా?

చెప్పాలి, అదే 30 రోజుల్లో, అదే ఆర్‌ఈ 238లో. రియల్ ఎస్టేట్ లైసెన్సే కానక్కర్లేదు. ఇన్సూరెన్స్ లైసెన్సు మీదో, నర్సింగ్ లైసెన్సు మీదో చర్య తీసుకున్నా వర్తిస్తుంది. డాలస్, హ్యూస్టన్ వైపు వెళ్ళినవాళ్ళు అక్కడి గడువులు వేరని గుర్తుంచుకోండి. టెక్సాస్‌లో కాంటాక్ట్ వివరాలు మారితే పది రోజుల్లోనే చెప్పాలి.

వీసా మారితే డీఆర్‌ఈకి చెప్పాలా?

అక్కర్లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్ళ నుంచి ఐటిన్ (పన్నుల కోసం ఇచ్చే నంబరు) కూడా తీసుకుంటారు. అయితే లైసెన్సు ఉండడం వేరు, పని చేయడానికి అనుమతి ఉండడం వేరు. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) గడువు అయిపోయినా లైసెన్సు అలాగే ఉంటుంది, కమిషన్ సంపాదించే హక్కు మాత్రం ఉండదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప ఇంకోటి కుదరదు, వారాంతం అయినా సరే. ఎవరో చేస్తున్నారని చూసి దిగకండి, ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.

రెండేళ్ళు ఇండియాకి వెళ్తున్నాను. లైసెన్సు ఏం చేయాలి?

బ్రోకరు దగ్గర్నుంచి వచ్చేస్తే ఎన్‌బీఏగా ఉంటుంది, అదేం తప్పు కాదు. మెయిలింగ్ అడ్రస్ నమ్మకమైన చోటుకి మార్చి వెళ్ళండి. పనిచేసినా చేయకపోయినా నాలుగేళ్ళకోసారి రెన్యువల్ తప్పదు. గడువు దాటితే ఇంకో రెండేళ్ళ వరకు ఆలస్య రుసుముతో రెన్యూ చేసుకోవచ్చు, ఆ మధ్యలో పని చేయకూడదు. అదీ దాటితే మళ్ళీ పరీక్షే. హైదరాబాదులోనో విజయవాడలోనో ప్లాట్లు అమ్మిపెట్టాలనుకుంటే ఈ లైసెన్సు పనికిరాదు, అక్కడి రెరాలో ఏజెంటుగా విడిగా నమోదు కావాలి.

గడువు దాటిపోయింది. ఇప్పుడు చెప్తే ఇరుక్కుంటానా?

అడ్రస్, ఈమెయిల్ లాంటివైతే ఈ రోజే మార్చేయండి, భయపడాల్సినంత లేదు. అలాగని చెప్పకపోయినా ఏం కాదనుకోకండి. ఆఫీసు అడ్రస్, సేల్స్‌పర్సన్ల మార్పులు చెప్పకపోతే లైసెన్సు సస్పెండ్ చేసే అధికారం కూడా కమిషనరుకి ఉంది. చిన్న ఉల్లంఘనలకి 2,500 డాలర్ల వరకు జరిమానాతో సైటేషన్ ఇవ్వొచ్చు. నేరం రుజువైన సంగతి చెప్పలేదంటే మాత్రం ఒక్కరే ఫారం నింపి పంపకండి. లైసెన్సు కేసులు చూసే లాయరుని కలిసి, ఆయన చూశాకే పంపండి.

మార్పు జరిగిందని ఎలా తెలుస్తుంది?

డీఆర్‌ఈ సైటులో లైసెన్సు వెతికే పేజీలో మీ నంబరు కొట్టి చూడండి. పేరు, అడ్రస్, స్థితి, బ్రోకరు, నాలుగూ సరిగ్గా ఉండాలి. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కాగితం పంపినవాళ్ళు కాపీ, పోస్టు రసీదు దాచుకోండి. పది రోజులైనా పాత వివరాలే కనిపిస్తుంటే వాళ్ళకి ఫోన్ చేయండి, పొద్దున్నే చేస్తే లైను త్వరగా దొరుకుతుంది.